మొదటి రోజు రక్తం

పోయిన వారం బుల్లిని డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. కొత్తగా చేరినవాళ్ల కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. బుల్లి మొగుడు కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే మనిషి. డాబా మీద ట్యాంకు పొంగిపోతోంది, బాల్ వాల్వు సరిచేసి రమ్మని బుల్లి పోరితే నిచ్చెనెక్కి, పై మెట్టు మీంచి వెల్లకిలా పడ్డాడు. తల పగిలింది. ఆపరేషనైంది. ఆ రోజు మూసిన కళ్లు ఇంకా తెరవలేదు. తలలోకి సన్నటి గొట్టం ఒకటి దించి, మెదడు ఏం తింటోందో, ఏం మిగులుస్తోందో గంటగంటకీ చూస్తున్నారు. మొదట్లో బాగానే ఉన్న లెక్క రెండ్రోజులుగా అడ్డం తిరిగింది. కారణం అంతుబట్టక డాక్టరమ్మే తల పట్టుకుంది. ఇంతలో మొదటి రోజు తీసిన రక్తం గురించి ఏదో తెలిసిందట, ఇంటివాళ్లని రమ్మని కబురొచ్చింది.

ఇంటివాళ్లంటే ఇద్దరే. ఒకరు బుల్లి. రెండోది ఆమె వదిన, అంటే మొగుడి అక్క. వదినకి సొంతంగా మందుల షాపుంది. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి చిన్నప్పట్నుంచీ తనే పెంచింది, పెళ్లీ తనే చేసింది. ఏ ఆఫీసుకెళ్లినా, ఏ కౌంటరు దగ్గర నిలబడ్డా ముందు మాట్లాడేది వదినే. బుల్లి పక్కన నిలబడి తలూపుతుంది. ఆ ఇంట్లో పద్ధతి మొదట్నుంచీ అంతే.

డాక్టరమ్మ గది ఇరుకు. ఒక బల్ల, మూడు కుర్చీలు, మూల వాష్‌బేసిను. కిటికీకి అడ్డంగా ఏసీ పెట్టేయడంతో పగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. డాక్టరమ్మ పొట్టి మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. ఆ నెమ్మదే బుల్లిని భయపెడుతుంది. కంగారుపడే డాక్టరైతే తిట్టుకోనైనా తిట్టుకోవచ్చు.

"కూర్చోండి," అని కంప్యూటరు తెర వాళ్ల వైపు తిప్పింది. "ఇది మీకు నర్సు చూపించే ఉంటుంది."

చూపించింది. చూపించడమేమిటి, బుల్లికి అదిప్పుడు కంఠతా వచ్చు. నర్సు గంటకోసారి ఆ గొట్టం చివర ఉన్న చిన్న సీసా తీసి కొత్తది పెడుతుంది. చిటికెన వేలి గోరంత సీసా, అందులో ఒక్క చుక్క. ఆ చుక్కని మంచం పక్కనున్న మిషన్లో పెడితే కాసేపటికి తెర మీద అంకెలు పడతాయి. బుల్లికి పేర్లు నోరు తిరక్క, నర్సే సులువు చెప్పింది. సుగర్ గీతని అన్నం అనుకో, లాక్టేటు గీతని పొగ అనుకో, పొయ్యి బాగా మండినంతసేపూ పొగ తక్కువుంటుంది. రెండ్రోజులుగా అన్నం గీత కిందికి జారుతోంది, పొగ గీత పైకి లేస్తోంది. కాసేపు సర్దుకుంటుంది, మళ్లీ మొదలు.

"ఒంట్లో సుగర్ బాగానే ఉంది," అంది డాక్టరమ్మ. "తలకి రక్తం బాగానే అందుతోంది. గొట్టం కూడా దెబ్బ తగిలిన చోట కాదు, దానికి దూరంగా మంచి భాగంలోనే ఉంది. అయినా మెదడులో సుగర్ అడుగంటుతోంది. ఏదో దాన్ని తినేస్తోంది. మొన్నోసారి తలకి తీగలు తగిలించి కాసేపు చూశాం, ఏమీ దొరకలేదు. అందుకని నిన్నట్నుంచీ తియ్యకుండా ఉంచేశాం. ఇప్పుడు దొరికింది. ఫిట్స్."

"వాడు వేలైనా కదపట్లేదు కదండీ," అంది వదిన.

"కదపక్కర్లేదు. ఇవి పైకి కనపడవు. చెయ్యి కొట్టుకోదు, రెప్ప కూడా అదరదు. లోపల మాత్రం మెదడు ఉన్నదంతా ఖర్చుపెట్టేసుకుంటుంది. తలదెబ్బ తగిలినవాళ్లకి ఇలా రావచ్చు. రాకుండా అందరికీ ఇచ్చే మందు మీవాడికీ మొదట్నుంచీ ఇస్తున్నాం. అది చాలట్లేదు. ఎందుకు చాలట్లేదో ఇవాళ పొద్దున తెలిసింది."

బుల్లి కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"ఇక్కడ చేరే ప్రతి తలదెబ్బ పేషెంటుకీ మొదటి రోజు రక్తం తీసి ఇంకో ల్యాబుకి పంపిస్తాం. మామూలు రక్తపరీక్ష కాదది. రక్తంలో ఉండే సన్నసన్న పదార్థాలు వందల కొద్దీ ఒకేసారి చూస్తారు. మనం తిన్న తిండి, తాగిన కాఫీ, మింగిన మాత్ర, ఏదైనా సరే ఒంట్లో అరిగాక ఏవో ముక్కలు మిగులుస్తుంది. ఆ ముక్కల్ని బట్టి అసలుదేమిటో చెప్పేయొచ్చు. దెబ్బ ఎంత లోతుగా ఉందో తెలుస్తుందని మేం పంపిస్తాం. మీవాడి రక్తంలో మేం వెతకనిది కూడా దొరికింది. ఫిట్స్ మందు తాలూకు ముక్కలు. మేమిచ్చింది కాదు. మేం మందు మొదలుపెట్టకముందు తీసిన రక్తం అది."

డాక్టరమ్మ బల్ల మీదికి వంగింది.

"ఆయనకి ఇంతకుముందు ఫిట్స్ ఉండేవా? ఏదైనా మందు వాడేవారా?"

"లేదండీ," అంది వదిన.

"లేదండీ," అంది బుల్లి. ఇద్దరి మాటా ఒకేసారి వచ్చింది.

ఇక్కడ నేనో మాట చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. ఇద్దరూ అబద్ధమే చెప్పారు. వదిన సంగతి సరే, మీరీపాటికి పసిగట్టే ఉంటారు. తమ్ముడికి మీసం రాకముందు నుంచీ ఫిట్స్. తన షాపులో మాత్రలు తనే ఇచ్చి, ఆ సంగతి మూడో చెవిన పడకుండా కాపాడుకొచ్చింది. పెళ్లిచూపుల్లో చెప్పలేదు, పెళ్లయ్యాక అసలు చెప్పలేదు. మాత్రల్ని విటమిన్ల సీసాలో పోసి ఇచ్చేది. పెళ్లాం అడిగితే నీరసానికని చెప్పరా అని తమ్ముడికి నేర్పింది.

ఆ తమ్ముడు నోట్లో మాట దాచుకోలేని మనిషి. పెళ్లైన నెలలోపే బుల్లి దగ్గర కూర్చుని అంతా చెప్పేసి, వెళ్లిపోతే వెళ్లిపో అన్నాడు. బుల్లి వెళ్లిపోలేదు. ఆ పూట కోపంతో అన్నం వండలేదు, అంతే. మర్నాడు ఒట్టేయించుకున్నాడు. నీకు తెలిసినట్టు అక్కకి తెలియకూడదు, తెలిస్తే నీ మొహం చూడలేక కుంగిపోతుంది అన్నాడు. ఆ ఒట్టు ఇన్నేళ్లూ నిలబడింది. వదిన వచ్చి విటమిన్ల సీసా ఇచ్చినప్పుడల్లా బుల్లి అమాయకంగా మొహం పెట్టేది. ఒకసారి ఉండబట్టలేక, "నాకూ నీరసంగానే ఉంది వదినా, ఓ రెండు వేసుకోనా?" అంది. వదిన మొహంలో నెత్తుటి చుక్క లేదు. మర్నాడు తెల్లారేసరికల్లా బుల్లికి వేరే సీసా, అసలైన విటమిన్లతో, ఇంటికొచ్చింది. ఆ రోజు మొగుడూ పెళ్లాలు తలుపేసుకుని మరీ నవ్వుకున్నారు.

ఆ నవ్వే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది. ఆస్పత్రిలో చేర్చిన రోజు నుంచీ బుల్లి డాక్టరమ్మ ఒంటరిగా దొరుకుతుందేమోనని చూస్తోంది. వదిన ఒక్క క్షణం వదిలితేగా. మంచినీళ్లకెళ్లినా చెయ్యి పట్టుకునే తీసుకెళ్తోంది, కూలబడిపోతుందేమోనని. ఇలాంటి సంగతి మందుల షాపు నడిపే మనిషి డాక్టర్లకి చెప్పకుండా ఉండదులే అని బుల్లి తనకి తాను సర్దిచెప్పుకుంది. వదినా అంతే. బుల్లి పక్కన ఉండగా నోరు విప్పలేక, తలదెబ్బకి ఫిట్స్ మందు ఎలాగూ ఇస్తారులే అని సరిపెట్టుకుంది. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో, ఒకళ్ల భుజం మీద ఒకళ్లు తల పెట్టుకుని, ఒకే సంగతి దాచుకుని కూర్చున్నారు.

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. అరవలేదు. "నేను పోలీసుని కాదు," అంది. "నాకు తెలియాల్సింది ఆయన ఏ మందు, ఎప్పట్నుంచి, ఎవరు రాస్తే వాడుతున్నారని. అది తెలియకుండా ఇంకో మందు ఎక్కిస్తే మేలు జరగొచ్చు, ప్రాణమే పోవచ్చు. బయటికెళ్లి ఆలోచించుకోండి. ఎక్కువసేపు మాత్రం ఆగలేను."

మెట్ల మధ్య మలుపు దగ్గర కిటికీ ఉంది. కింద అంబులెన్సులు ఆగే చోటు కనిపిస్తుంది. ఎవరో తుడుపుకర్రా బకెట్టూ అక్కడే వదిలేసి పోయారు. వదిన కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. బుల్లికి ఒట్టు గుర్తొచ్చింది. ఆ ఒట్టేయించుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఇప్పుడు అతని మెదడు తిండి లేక మాడుతోంది.

"వదినా, మీరు చెప్పేస్తారనుకున్నాను," అంది.

"ఏం చెప్పేస్తాననుకున్నావు?"

"విటమిన్ల సంగతి."

వదిన వెనక్కి తిరగలేదు. "ఎప్పట్నుంచి తెలుసు?" అని అడిగింది.

"పెళ్లైన నెలకే. ఆయనే చెప్పారు."

"నెలకే." వదిన కిటికీ మీదే గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే ఇన్నేళ్లూ నేనాడిన నాటకం నువ్వు ముందు వరసలో కూర్చుని చూశావన్నమాట. నీక్కూడా రెండు మాత్రలు కావాలని అడిగావే, అదీ ఎగతాళికేనా?"

"ఎగతాళికే," అంది బుల్లి. "అప్పుడు నవ్వొచ్చింది వదినా. అబద్ధం ఎందుకు, చాలాసార్లు నవ్వుకున్నాం."

వదిన ఇప్పుడు తిరిగింది. ఆ మొహం చూస్తే బుల్లికి తల కొట్టేసినట్టయింది. కోపమైతే భరించేది. అది కోపం కాదు, నలుగురిలో చీర జారిపోయిన మనిషి మొహం అది.

"నీకు తెలిస్తే వెళ్లిపోతావనుకున్నాను," అంది వదిన. "వాడికి నేను తప్ప ఎవరూ లేరు. నేను పోయాక వాడికెవరు అన్నదొక్కటే నా దిగులు. నిన్ను మోసం చేశాను, ఒప్పుకుంటాను. కానీ వాడి కోసమే చేశాను."

"ముందే చెప్పుంటే చేసుకునేదాన్ని కాదేమో," అంది బుల్లి. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది, ఇన్నేళ్లూ ఈ మాట లోపల ఉందని తనకే తెలీదు. "అది నిజం. చేసుకోకపోతే ఆయన నాకు దక్కేవాడే కాదు, అదీ నిజమే. మీ మీద కోపముంది వదినా. ఇప్పుడు కాదు, ఆయన లేచాక తీరిగ్గా పోట్లాడతాను. కానీ దానికంటే పెద్ద తప్పు నేను చేశాను. ఫిట్స్ ఉన్నాయని తెలిసీ నిచ్చెనెక్కించాను."

"ఏళ్ల తరబడి రాలేదు కదా."

"రాలేదు. అందుకే మర్చిపోయాను. మీరు రోజూ నీ తప్పేం లేదు, నీ తప్పేం లేదు అంటుంటే నాకు లోపల రంపంతో కోసినట్టుండేది."

వదిన వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ తప్పేం లేదని, దాచిన నాదే తప్పని చెప్పలేక నేనూ చచ్చాను," అంది. "పద. ఇంక దాచేదేం లేదు. నేను చెప్తాను, నేను మర్చిపోయింది నువ్వు చెప్పు."

ఇద్దరూ చేతులు పట్టుకునే మెట్లెక్కారు. ఇన్ని రోజుల్లో మొదటిసారి బుల్లికి ఒంట్లో సత్తువ ఉన్నట్టనిపించింది. నిజం చెప్పేస్తే సగం రోగం పోయినట్టే అనుకుంది పిచ్చిది.

డాక్టరమ్మ గదిలో లేదు. ఐసీయూ లోపల, అతని మంచం కాళ్ల వైపు నిలబడి ఉంది. అక్కడే వదిన మొదలుపెట్టింది. షాపులో బేరానికొచ్చినవాళ్లతో మాట్లాడినంత గడగడా చెప్పుకుపోయింది. బళ్లో చదివేప్పుడు మొదలైందని, ఒక పెద్ద డాక్టరుకి చూపించానని, ఆయన పోయాక కూడా అదే మందు తనే ఇస్తూ వచ్చానని, ఒక్క నెల తప్పలేదని.

"ఏ మందు?"

"వాల్ప్రోయేట్. వాడికి బాగా పడింది. మళ్లీ ఫిట్స్ మొహం చూళ్లేదు. అదే ఎక్కించండి డాక్టరుగారూ. అది సెలైన్లో ఎక్కించేది కూడా ఉందిగా, నాకు తెలుసు."

"ఉంది. నేనూ దాని గురించే ఆలోచిస్తున్నాను," అంది డాక్టరమ్మ. కానీ ఆమె మొహం విచ్చుకోలేదు. "మీరు కచ్చితంగా చెబుతున్నారా, వాల్ప్రోయేటేనని?"

"నా చేత్తో ఇచ్చానండీ."

"నా కళ్లముందే వేసుకునేవారు," అంది బుల్లి. "రోజూ పడుకోబోయే ముందు. ఆ సీసాలోంచే."

డాక్టరమ్మ కాసేపు మంచం మీద మనిషి వైపు చూసింది. బుల్లీ చూసింది. తల చుట్టూ కట్టు, కట్టులోంచి రంగురంగుల తీగలు, వాటి మధ్య ఆ సన్నటి గొట్టం. ముక్కు మీద కళ్లజోడు మచ్చ ఇంకా పోలేదు.

"సీసా అదే అయుండొచ్చు, లోపలి మాత్రలు మార్చి ఉంటారు," అంది డాక్టరమ్మ. "రక్తంలో ఉన్న మందు మాత్రం అది కాదు. వాల్ప్రోయేట్ జాడ కూడా లేదు. ఉన్నది లామోట్రిజిన్ అని వేరే మందు. నేను మీ నోటి నుంచి అదే పేరు వస్తుందనుకున్నాను."

"అబద్ధం," అంది వదిన మెల్లగా. "వాడు నాకు చెప్పకుండా మందు మార్చడు."

బుల్లి మళ్లీ మంచం మీద మనిషి వైపు తిరిగింది. అక్కకి తెలీకుండా తనకి చెప్పాడు, నిజమే. మరి తనకి తెలీకుండా ఎవరికి చెప్పాడు? రోజూ తన కళ్ల ముందే సీసా మూత తీసి, మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, తన వైపు చూసి నవ్వేవాడు. ఆ నవ్వు ఇద్దరూ కలిసి అక్కని ఆటపట్టిస్తున్నామన్న నవ్వు అనుకుంది.

"ఇది చీటీ లేకుండా సొంతంగా మొదలుపెట్టే మందు కాదు," అంది డాక్టరమ్మ. "కొద్దికొద్దిగా, వారాల తరబడి పెంచుకుంటూ పోవాలి. ఎవరో డాక్టరు దగ్గరుండి మార్పించారు. ఆ డాక్టరెవరో తెలిస్తే ఒక్క ఫోనుతో తేలిపోతుంది."

తెలీదు. అతని ఫోను అతనితో పాటే పడి ముక్కలైంది. వదిన తల అడ్డంగా ఊపింది, బుల్లి కూడా.

"సరే, వినండి. లామోట్రిజిన్ గబగబా ఎక్కించి ఫిట్స్ ఆపలేం. ఇంకో మందు పొద్దున ప్రయత్నిస్తే గుండె వేగం పడిపోయింది, ఆపేశాం. ఇప్పుడు నా ముందు రెండే దార్లున్నాయి. ఒకటి వాల్ప్రోయేట్. రెండోది, మనిషిని పూర్తిగా మత్తులో ముంచేయడం. అలా ముంచితే బీపీ పడిపోతుంది. దెబ్బతిన్న మెదడు దాన్ని తట్టుకోవడం కష్టం. ఫిట్స్ ఆగినా, ఆ మత్తులోంచి ఆయన ఆయనగానే బయటికొస్తాడని నేను మాటివ్వలేను."

"అయితే మొదటిదే ఇవ్వండి," అంది వదిన.

"ఇస్తాను. కానీ మానేసింది ఎందుకో తెలియాలి. ఈ మందు జనం రకరకాల కారణాలకి మానేస్తారు. లావవుతున్నామని, చేతులు వణుకుతున్నాయని, జుట్టు రాలుతోందని. మగవాళ్లు కొందరు పిల్లల కోసం మానేస్తారు, ఇది కొంతమందిలో అటువైపు ఇబ్బంది పెడుతుంది. వీటిలో ఏదైనా అయితే నేను నిశ్చింతగా ఇచ్చేస్తాను. అలా కాకుండా లివర్ దెబ్బతిని మాన్పించి ఉంటే, మళ్లీ ఎక్కించడం ప్రాణం తీయడమే. ఇప్పుడు లివర్ పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఎప్పుడూ బాగుందా, మందు మానేశాక బాగుపడిందా అన్నది ఆ పరీక్షలు చెప్పవు."

పిల్లల కోసం అన్న మాట దగ్గరే బుల్లి ఆగిపోయింది. తర్వాతి మాటలు చెవిన పడ్డాయి గానీ లోపలికి దిగలేదు.

పిల్లలు లేరు. బుల్లి పరీక్షలన్నీ చేయించుకుంది, ఏ లోపమూ లేదన్నారు. అతన్ని చేయించుకోమంటే నవ్వి దాటేసేవాడు. మనకి మనమే చాలు అనేవాడు. అలాంటి మనిషి పోయినేడు ఓ సాయంత్రం షాపు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ విడుస్తూ, "ఇంకో ఏడాది చూద్దాం బుల్లీ. ఎందుకో నాకు నమ్మకంగా ఉంది," అన్నాడు. ఎందుకంత నమ్మకమని అడిగితే, ఊరికే, అన్నాడు. ఆ పూట బుల్లికి అన్నం తినకుండానే కడుపు నిండిపోయింది. ఆ మాటని ఎవరికీ చెప్పకుండా దాచుకుంది, వదినకి కూడా.

"పిల్లల కోసమే మానేశారు," అంది.

వదిన చటుక్కున ఆమె వైపు చూసింది. డాక్టరమ్మ కూడా.

"ఆయన చెప్పారా?"

"పోయినేడు..." బుల్లి ఆ సాయంత్రం మాట చెప్పింది. చెబుతుంటే కళ్లు ధారగా కారాయి, తుడుచుకోలేదు. వదిన ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. పిచ్చి వెధవ, అంది తమ్ముణ్ణి, ఆ రెండు మాటల్లో ఉన్న ప్రేమంతా పెట్టి.

డాక్టరమ్మ తల పంకించింది. కానీ వదల్లేదు. "ఆ రోజుల్లో ఒంట్లో ఏమైనా బాగోలేకపోవడం? వాంతులు, అన్నం సయించకపోవడం, మగతగా పడుండడం? లివర్ దెబ్బతింటే అలాగే ఉంటుంది."

"అలాంటివేం లేవండీ," అంది వదిన వెంటనే. "ఉంటే నాకు చెప్పేవాడు. ఒంట్లో నలతగా ఉంటే వాడు మా షాపుకి రాకుండా ఉండడు."

వాంతులయ్యాయి.

బుల్లికి అది ఇప్పుడు గుర్తొచ్చింది, ఎవరో వెనక నుంచి తట్టినట్టు. పోయినేడే. ఆ సాయంత్రానికి కొన్నాళ్ల ముందు. వారం పాటు ఏం పెట్టినా కక్కేశాడు. షాపుకి సెలవు పెట్టి గోడ వైపు తిరిగి పడుకునేవాడు, లేపితే ఎక్కడున్నాడో తెలియనట్టు చూసేవాడు. అక్కకి చెప్పకు, ఊరికే కంగారుపడుతుంది అన్నాడు. బయట తిండి పడలేదనుకుని బుల్లి మజ్జిగన్నం పెట్టింది. తర్వాత తనే తేరుకున్నాడు. తేరుకున్నాకే ఆ మాట అన్నాడు. ఇంకో ఏడాది చూద్దాం అని.

అయితే ఏమిటి? మందు పడక మానేశాడా, నాకోసం మానేశాడా? మానేశాక పిల్లల ఆశ పుట్టిందా, ఆశ పుట్టే మానేశాడా? వాంతులు ఉత్త తిండి వల్లే అయుండొచ్చు. అందరికీ అవుతాయి వాంతులు. నాకోసమే మానేశాడు. అలా నవ్వుకుంటూ చెప్పులు విడిచిన మనిషి ఇంకెందుకు మానేస్తాడు?

నర్సు మిషన్ దగ్గర్నుంచి తలెత్తింది. "సుగర్ ఇంకా కిందికొచ్చింది మేడమ్. లాక్టేటు మళ్లీ లేస్తోంది."

తెర మీద అన్నం గీత అడుగుకి ఆనుకుని పాకుతోంది. పక్కనే, ఏం జరుగుతోందో తనకి పట్టనట్టు, అతని ఛాతీ మిషన్ ఊదిన గాలికి లేచి దిగుతోంది. నోరు విప్పి ఒక్క మాట చెబితే చాలు, వాంతులయ్యాయి అని. చెబితే ఆ మందు ఇవ్వరు. మత్తులో ముంచేస్తారు. ఆయన ఆయనగా బయటికొస్తాడని మాటివ్వలేనంది. వదిన చెయ్యి భుజం మీద వెచ్చగా, బరువుగా ఉంది. నా మాటే నువ్వూ చెప్పవే, అంటోంది ఆ చెయ్యి.

"నేను మిమ్మల్నడుగుతున్నానమ్మా," అంది డాక్టరమ్మ, వదిన వైపు చూడకుండా. "ఇంట్లో ఆయనతో ఉన్నది మీరు. పిల్లల కోసమేనని మీకు తెలిసి చెబుతున్నారా, అయుంటుందని అనుకుంటున్నారా?"

బుల్లి మొగుడి మొహం వైపే చూస్తూ నిలబడింది.

"తెలిసే చెబుతున్నానండీ," అంది. "వాంతులూ అవీ ఏం లేవు."

డాక్టరమ్మ ఇంకొక్క క్షణం ఆమెనే చూసి, నర్సు వైపు తిరిగింది. "వాల్ప్రోయేట్ మొదలుపెట్టండి."